సింహం బిళ్ళ

నా దగ్గర కొన్నాళ్ళు పన్నెండు గ్రీకు వెండి నాణేలు ఉన్నాయి. ఇప్పుడు మళ్ళీ పదకొండే. పన్నెండోదాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు. నేనే దొంగిలించాను, నేనే తిరిగి ఇచ్చాను. ఇచ్చేస్తే అయిపోతుందనుకున్నాను.

రాజమండ్రి మెయిన్ రోడ్డు వెనక సందులో మాది వెండి కొట్టు. మా తాతగారు పెట్టింది. పట్టీలు, మొలతాళ్ళు, కుంకుమ భరిణెలు, పెళ్ళిళ్ళ సీజన్లో కంచాలు, చెంబులు. గున్నేశ్వరరావు అంటే బజార్లో నాణ్యానికి పేరు, నోటికీ పేరే. వెండి చేత్తో పట్టుకోగానే ఎంత కల్తీయో చెప్పేస్తాను. నా మాట కాదన్నవాణ్ణి కొట్టు మెట్లు దిగేదాకా తిడతాను. అరవై రెండేళ్ళొచ్చినా ఆ బుద్ధి పోలేదు.

నాణేల పిచ్చి నాకు పాతికేళ్ళప్పుడు పట్టుకుంది. మొదట కొన్నది ఏథెన్స్ వాళ్ళది, గుడ్లగూబ బొమ్మ ఉంటుంది. దీపావళి నాడు మా ఆవిడ రాజరాజేశ్వరి లక్ష్మీదేవి వాహనమని దాన్ని పూజలో పెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. ఆ బొట్టు వదిలించడానికి నాకు మూడు రోజులు పట్టింది. "దేవుడి బొమ్మలున్న డబ్బుకి బొట్టు పెడితే తప్పేంటండీ," అని ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఈ నాణేల్లో అసలుదేదో నకిలీదేదో చెప్పడం నాకు గర్వం. అసలుది సుత్తితో కొట్టి ముద్ర వేసింది. గీతకి అంచు ఉంటుంది, గోటికి తగులుతుంది. నకిలీది ఎక్కువగా అచ్చులో పోసింది. బొమ్మంతా ఉంటుంది గానీ అంచులు కరిగినట్టుంటాయి, వాడిన సబ్బు మీద అక్షరాల్లా. కాకినాడ నుంచి జయంత్ గారని ఒకాయన, నాలాంటి పిచ్చివాడే, అనుమానం వచ్చినప్పుడల్లా నాకే ఫోటోలు పంపుతాడు. నా పదకొండు నాణేలకీ ఒక్కో చీటీ ఉంది. ఏ ఊరిది, ఎంత బరువు, ఎవరి దగ్గర్నుంచి నా చేతికొచ్చింది, అన్నీ రాసి ఉంటాయి. ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో రాయలేని నాణేన్ని పెట్టెలో పెట్టుకోకూడదని జయంత్ గారికి నేనే ఉపన్యాసం ఇచ్చాను.

రెండేళ్ళ కిందట శ్రావణ మాసంలో ఒక మంగళవారం పొద్దున్న జ్ఞానమ్మ మా కొట్టుకొచ్చింది. ఎనభై దాటిన మనిషి. మనవరాలు సుప్రియ చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. సుప్రియ చంకలో నెలన్నర పాప. యానాం నుంచి పాపని ఇక్కడి డాక్టరుకి చూపించడానికి వచ్చారట. ముసలావిడ కొంగుముడి విప్పి చిన్న వెండి బిళ్ళ నా చేతిలో పెట్టింది.

"షావుకారు గారూ, దీనికి రింగు ఊడిపోయిందండి. అతికించి పెడితే మా పాప మొలతాడుకి కట్టుకుంటామండి."

మొలతాడు బిళ్ళలు రోజుకి పది చూస్తాను. అలాగే చూశాను. తరవాత భూతద్దం తీశాను. ఒకవైపు ఆడమనిషి తల, దాదాపు అరిగిపోయింది. రెండోవైపు నడుస్తున్న సింహం, దాని వీపు పైన గ్రీకు అక్షరాలు. అది మస్సాలియా నాణెం. ఇప్పుడు ఫ్రాన్సులో మార్సెయ్ అంటున్నారే, ఆ రేవు పట్టణం అప్పట్లో గ్రీకులు వచ్చి కట్టుకున్నది. ఆ ఊరి వెండి, రెండువేల రెండువందల ఏళ్ళ నాటిది, నా గల్లాపెట్టె ముందు కూర్చుంది.

"ఇది మీకెక్కడిదమ్మా?" అన్నాను, గొంతు మామూలుగా ఉంచడానికి తంటాలు పడుతూ.

"మా నాన్న తెచ్చాడండి. ఫ్రెంచి వాళ్ళ ఓడ మీద వంట చేసేవాడు. ఆ దేశం రేవులో ఎవరో ముసలావిడ ఇచ్చిందట, నీకు పిల్ల పుడితే కట్టమని. ఆ పుట్టింది నేనేనండి. నా తరవాత తమ్ముళ్ళు, నా పిల్లలు, మనవలు. పదిహేడు మంది మొలలకి తిరిగిందండి ఈ బిళ్ళ."

ఆవిడ చెబుతుండగానే పాప ఏడ్చింది. జ్ఞానమ్మ గాల్లో చెయ్యి చాపి పాపని వెతికి, వీపు మీద ఒక్కసారి నిమిరి, "ఒళ్ళు వెచ్చబడుతోంది, లోపలి చొక్కా తీసెయ్యమ్మా," అంది. అప్పుడు తెలిసింది నాకు, ఆవిడకి చూపు లేదని. నీటికాసులొచ్చి ఆరేళ్ళయిందట. అయినా ఊళ్ళో పసిపిల్లలకి నీళ్ళు పోసేది ఆవిడేనని సుప్రియ గొప్పగా చెప్పింది.

"సగం యానాం నా కాళ్ళ మీద నీళ్ళు పోసుకున్నవాళ్ళేనండి," అని నవ్వింది జ్ఞానమ్మ. "నీళ్ళ వేడి చేతికి తెలుస్తుందండి. పిల్లకి ఎముక పట్టేసినా, కడుపు ఉబ్బినా చేతికే తెలుస్తుంది. కళ్ళతో పనేంటండి?"

బిళ్ళ నాకు ఇచ్చెయ్యమని అడిగాను. బదులుగా ఎంత పెద్ద బిళ్ళయినా చేసిస్తానన్నాను, కావాలంటే బంగారంతోనే చేయిస్తానన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నాదయితే ఇచ్చేద్దునండి. అది పిల్లలదండి."

అక్కడితో ఆగాల్సింది. రింగు అతికించడం పది నిమిషాల పని. కూర్చోమని, చేసి, చేతిలో పెట్టి పంపాల్సింది. నేను మాత్రం, పనివాడు రాలేదు, వచ్చే మంగళవారం ఎలాగూ డాక్టరు దగ్గరికి వస్తారుగా, అప్పుడు తీసుకోండి అన్నాను. ఆవిడ సరేనంది. చీటీ కూడా అడగలేదు.

నా పదకొండు నాణేలూ కొనుక్కున్నవే. అందరూ కొంటారు. ఈ గోదావరి నేల మీద నా కళ్ళతో నేను గుర్తుపట్టిన నాణెం ఒక్కటీ లేదు. ఆ ఒక్కటీ ఇదే అయింది. ఇలాంటిది ఎక్కడో వేలంలో నేనూ కొనుక్కోగలను, అదేమంత దొరకనిది కాదు. కానీ వంటవాడి చేతిలో మార్సెయ్ నుంచి యానాం వచ్చిన నాణెం ఇంకోటి దొరకదు. ఇదంతా నేను ఆ వారం రోజులూ నాకు నేను చెప్పుకున్న మాటలు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూసి ఉండగా వెనక గదిలో కూర్చున్నాను. చిన్నప్పుడు మా నాన్నగారు నేర్పించిన పని. తడి ఇసుక మెత్తగా దట్టించి, బిళ్ళని రెండువైపులా అద్ది తీశాను. మూసలో వెండి కరిగించి పోశాను. చల్లారాక ఇసుక విదిలిస్తే రెండో సింహం వచ్చింది. ఇసుక అచ్చు అక్కడే రాలిపోయింది. గంధకం పొగ పట్టించి కాస్త నలుపు చేసి, మెత్తటి గుడ్డతో తుడిచి, రింగు అతికించాను. అసలుదాని అంచు మీద చిన్నచిన్న గాట్లున్నాయి. పాతకాలం షరాబులు వెండి మంచిదో కాదో చూడటానికి పెట్టినవి అనుకున్నాను. అవి కూడా నకలులో వచ్చాయి. ఎవరికీ తెలిసే అవకాశమే లేదు.

మంగళవారం కొట్టు నిండా జనం. కొత్తపేట నుంచి పెళ్ళివారొకరు దిగారు. జ్ఞానమ్మ బిళ్ళ అందుకుని బొటనవేలితో ఒకసారి తిప్పింది. మళ్ళీ తిప్పింది. అంచు మీద గోరు పెట్టింది.

"ఇది మాది కాదండి," అంది నెమ్మదిగా.

"అదే మామ్మా," అంది సుప్రియ, వంగి చూసి. "సింహం ఉందిగా. పళ్ళ గాట్లు కూడా ఉన్నాయి."

"గాట్లున్నాయమ్మా, మొద్దుగా ఉన్నాయి. పిల్లలకి పళ్ళొచ్చేటప్పుడు కొరికినవండి అవి. మా పెద్ద తమ్ముడి గాటు గోటికి గుచ్చుకుంటుంది. ఇది అరిగిన సబ్బు బిళ్ళలా ఉందండి. మీ దగ్గర బిళ్ళలు కలిసిపోయి ఇంకెవరిదో వచ్చిందేమో, ఒకసారి చూడండి."

ముప్పై అయిదేళ్ళు భూతద్దం పట్టుకుని నేను నేర్చుకున్నదాన్ని ఆ గుడ్డి ముసలావిడ బొటనవేలితో చెప్పేసింది. అంత కచ్చితమైన పరీక్ష నేనెప్పుడూ వినలేదు. షరాబుల గాట్లనుకున్నవి పాల పళ్ళ గాట్లు. ఆ క్షణంలో నిజం చెప్పడానికి ఆవిడే నాకు దారి ఇచ్చింది కూడా. కలిసిపోయాయమ్మా, పొరపాటయింది అని లోపలికెళ్ళి అసలుది తెచ్చివ్వచ్చు. పెళ్ళివారు నా వంకే చూస్తున్నారు. నాకు కోపం వచ్చింది. తప్పు చేసినవాడికి వచ్చే కోపం మామూలు కోపం కన్నా పెద్దగా అరుస్తుంది.

"మూడు తరాల కొట్టమ్మా ఇది," అని అరిచాను. "వస్తువు మార్చేవాళ్ళలా కనిపిస్తున్నామా? మెరుగు పెడితే అంచు మెత్తబడుతుంది. మీకు వయసు మీద పడింది. చేతికి స్పర్శ తగ్గింది. అది ఒప్పుకోవాలి గానీ నలుగురిలో ఇలా మాట్లాడకూడదు."

ఆవిడ బిళ్ళని కొంగున ముడేసుకుంది. "మీరంతటివారు చెబుతుంటే కాదంటానాండి. నా చెయ్యే మొద్దుబారినట్టుంది," అంది. మెట్లు దిగేటప్పుడు గోడ తడుముకుంటూ దిగింది. వచ్చినప్పుడు అలా తడుముకోలేదు.

నాణెం పెట్టెలోకి వెళ్ళింది. చీటీ రాయడానికి కూర్చున్నాను. ఊరు మస్సాలియా, బరువు రెండున్నర గ్రాముల పైన. ఎవరి దగ్గర్నుంచి, అన్నచోట కలం ఆగిపోయింది. మరో ఆదివారం కూర్చున్నాను, మళ్ళీ ఆగింది. జయంత్ గారికి ఫోటో పంపితే ఆయన సంతోషం పట్టలేక ఫోన్ చేశాడు. "ఎవరిచ్చారండీ?" అంటే ఎవరో ఒకాయన అన్నాను. "ఆ అంచు మీద గాట్లు చూశారా, షరాబులవి. ఎంత బాగున్నాయండీ," అన్నాడు. కావండీ, యానాంలో పదిహేడు మంది పసిపిల్లలవి అని చెప్పలేక అవునన్నాను. ఆ తరవాత ఆ పెట్టె తెరవబుద్ధి కాలేదు. మిగతా పదకొండూ కూడా దొంగసొత్తులాగే కనిపించేవి.

దసరా వెళ్ళాక, ద్రాక్షారామం దర్శనానికని మా ఆవిడకి చెప్పి బస్సెక్కాను. దర్శనం నిజంగానే చేసుకున్నాను. ఎవరికీ తెలియకుండా బిళ్ళ తిరిగి చేర్చే ఈ పని గట్టెక్కించమని భీమేశ్వరుణ్ణి వేడుకున్నాను. దేవుణ్ణి ఎలాంటివి అడుగుతామో చూడండి. అక్కణ్ణించి యానాం వెళ్ళి వాళ్ళిల్లు కనుక్కున్నాను. గోదారి గట్టుకి దగ్గర్లో రెండు గదుల డాబా, ముందు సిమెంటు అరుగు. జ్ఞానమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. పాప పక్కన చాప మీద ఆడుకుంటోంది, మొలకి నా నకలు బిళ్ళ.

ఇటు పనుండి వచ్చాను, ఆ రింగు గట్టిగా ఉందో లేదో చూసి పోదామని, అన్నాను. సుప్రియ ఎంతో సంబరపడి టీ పెట్టడానికి లోపలికెళ్ళింది. తాడు విప్పి, నకలు జేబులో వేసుకుని, అసలుది కట్టాను. ఉదయమే దానికి రింగు అతికించి తెచ్చాను. ఎనభై ఏళ్ళుగా వాళ్ళదైన వస్తువుని దొంగలా కట్టాను. తరవాత పాపని దగ్గరికి జరిపి బిళ్ళని జ్ఞానమ్మ చేతికి అందించాను. "చూడండమ్మా."

ఆవిడ బొటనవేలు అంచు మీద ఒక గాటు దగ్గర ఆగింది. చాలాసేపు ఆగింది. "ఇప్పుడు మాదిలాగే ఉందండి," అంది.

"నేను చెప్పలేదా మామ్మా," అంది సుప్రియ, టీ గ్లాసు నాకిస్తూ.

ఆవిడ బిళ్ళ వదిలి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తృప్తి పడిందనుకున్నాను. నా తృప్తిలో నేనున్నాను మరి. ఇంటికొచ్చాక చొక్కా జేబులో యానాం టికెట్ రాజరాజేశ్వరి కంట పడింది. "ద్రాక్షారామం అని చెప్పి యానాం వెళ్ళారా? ఏదీ, ఊదండి," అంది. ఆ ఊరు మగాళ్ళు దేనికి వెళతారో మా వైపు ఆడవాళ్ళందరికీ తెలుసు. చవగ్గా దొరుకుతుందని తాగొచ్చానని అనుకోనిచ్చాను. నిజం కన్నా అదే నయమనిపించింది.

వారం తిరక్కుండా కొవ్వూరులో బంధువుల గృహప్రవేశానికి ఇద్దరం పాసింజరెక్కాం. రైలు బ్రిడ్జి మీదికి రాగానే పెట్టెలో వాళ్ళంతా చిల్లర తీశారు. మా ఆవిడ నా చేతిలో రూపాయి పెట్టింది. నేను జేబులోంచి ఆ నకలు తీశాను. కిటికీ ఊచల్లోంచి విసిరి, దణ్ణం పెట్టుకున్నాను. గోదారమ్మ తల్లీ, ఇంతటితో నా పాపం కడిగెయ్యి అన్నాను. "రూపాయి వెయ్యకుండా ఏంటండీ అది?" అంది మా ఆవిడ. పాత బిళ్ళ అన్నాను. ఆ పూట గృహప్రవేశంలో రెండుసార్లు పులిహోర వడ్డించుకున్నాను.

కార్తీకం చివర్లో సుప్రియ పాపకి పట్టీలు కొనడానికి కొట్టుకొచ్చింది. ఒక్కతే వచ్చింది. మామ్మగారు బాగున్నారా అన్నాను. పట్టీలు తిప్పి చూస్తూ, "ఒంట్లో బాగానే ఉందండి. కానీ నీళ్ళు పొయ్యడం మానేసిందండి," అంది.

"ఏం?"

"మీ కొట్టుకొచ్చి వెళ్ళినప్పటి నుంచే కాస్త భయపడుతూ పోసేదండి. మీరు మా ఇంటికొచ్చి వెళ్ళాక పూర్తిగా మానేసింది. అదే బిళ్ళ ఒకనాడు మనది కాదంది, ఒకనాడు మనదేనంది నా చెయ్యి, ఇంక నీళ్ళ వేడి సరిగ్గా చెబుతుందని నమ్మకమేంటి అంటుందండి. పసిపిల్లలండి, కాలితే ఎవరు దిక్కు అంటుంది. పక్కింటివాళ్ళు పురిటిపిల్లని తీసుకొస్తే ఏడ్చి పంపించేసింది. ఇప్పుడు మా పాపకి నేనే పోస్తున్నానండి. నాకు సరిగ్గా రాదు."

నేను తిరిగి ఇచ్చింది వెండి ముక్క. తీసుకున్నది ఆవిడ చెయ్యి. అది తిరిగి ఇవ్వకపోగా, రహస్యంగా మార్చి కట్టి, ఆ చెయ్యి అబద్ధమాడుతోందని ఆవిడకి రుజువు చేసి వచ్చాను. తిట్టినరోజు ఆవిడకి అనుమానమే మిగిలింది. నా మంచితనం ఆ అనుమానాన్ని నిజం చేసింది.

మర్నాడే యానాం వెళ్ళాను. ఈసారి మా ఆవిడకి యానాం అనే చెప్పాను. జ్ఞానమ్మ అదే అరుగు మీద, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సుప్రియ పెరట్లో నీళ్ళు కాస్తోంది. ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఎవరి ముందైనా నేల మీద కూర్చుని ఎన్నేళ్ళయిందో. మొత్తం చెప్పాను. ఇసుక అచ్చు, ఆదివారం మధ్యాహ్నం, చీటీ, అన్నీ. "మీ చెయ్యి రెండుసార్లూ నిజమే చెప్పిందమ్మా. నేనే దొంగని," అన్నాను. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఆవిడ చివరిదాకా విన్నది. తరవాత చెయ్యి చాపి నా భుజం వెతికి పట్టుకుంది.

"సుప్రియ చెప్పిందాండి మీకు, నేను బెంగపెట్టుకున్నానని?"

"చెప్పింది. అందుకే వచ్చాను. కానీ నేను చెప్పింది నిజమమ్మా."

"ఎంత మంచివారండి మీరు. గుడ్డిదాని మనసు నొచ్చుకుందని ఇంత దూరం వచ్చి, మీ మీదే నింద వేసుకుంటున్నారు." ఆవిడ నవ్వింది. "దొంగిలించేవాళ్ళు మళ్ళీ తెచ్చి కడతారాండి? రింగు గట్టిగా ఉందో లేదో చూడటానికి వచ్చేవాళ్ళు ఎక్కడైనా ఉన్నారాండి?"

"రెండో బిళ్ళ ఉండేదమ్మా."

"అయితే చూపించండి. రెండూ రెండు చేతుల్లో పెట్టండి. చెప్పేస్తాను."

అదొక్కటి చాలు. ఆ రెండో బిళ్ళ ఉంటే ఒక్క నిమిషంలో ఆవిడ చెయ్యి ఆవిడకి వచ్చేసేది. "గోదాట్లో వేసేశానమ్మా," అన్నాను. నా చెవికే అది అబద్ధంలా వినిపించింది.

"గోదారమ్మకిచ్చారా, మంచిపనేనండి," అంది, చిన్నపిల్లాడి మాట విన్నట్టు. "పోనీలెండి. వయసు వస్తే ఏదో ఒకటి పోతుంది. కళ్ళు పోయినప్పుడు ఇంత బాధ పడలేదు, అంతే."

కాకినాడ నుంచి జయంత్ గారిని తెస్తానన్నాను, సింహం ఫోటోలు చూపిస్తానన్నాను. ఫోటోలు నాకెందుకండి అంది. మళ్ళీ ఇంకో నకలు పోసి తెస్తానని కూడా అన్నాను. "నా కోసం కొత్తగా చేసి తెస్తారా? వద్దండి, అంత శ్రమ," అంది. ఏం చెప్పినా ఆవిడ దృష్టిలో నేను ఇంకాస్త మంచివాణ్ణి అయిపోతున్నాను.

సుప్రియ పాపని తువ్వాలులో చుట్టుకుని, నీళ్ళ గంగాళం అరుగు దగ్గరికి జరిపింది. పాప మొల మీద సింహం బిళ్ళ ఊగుతోంది. ఆవిరి పైకి లేస్తోంది.

"మామ్మా, ఒక్కసారి చెయ్యి పెట్టి చెప్పవా, సరిపోయాయేమో," అంది.

జ్ఞానమ్మ చేతులు ఒళ్ళోంచి కదల్లేదు. "షావుకారు గారు ఉన్నారుగా, ఆయన్ని చూడమనమ్మా. వెండి పట్టుకుని కల్తీ చెప్పే చెయ్యి," అంది.

సుప్రియ నా వంక చూసింది. నేను లేచి చొక్కా చెయ్యి పైకి మడిచి నీళ్ళలో వేళ్ళు ముంచాను. నలభై ఏళ్ళు కొలిమి దగ్గర, మూసల దగ్గర కాలి గట్టిపడిన వేళ్ళు. వేడో, గోరువెచ్చనో, పసిదాని ఒంటికి ఎంత చాలో నాకేమీ అంతుపట్టలేదు.

"నాకు తెలియడం లేదమ్మా," అన్నాను.

"మీకు తెలియకపోవడమేంటండి," అంది జ్ఞానమ్మ, మొహమాటపడుతున్నాననుకుని, నేను చెప్పేదాకా పాపకి నీళ్ళు పొయ్యొద్దని సుప్రియకి సైగ చేసి.